నొప్పి తగ్గిందా అని అడిగారు

మా ఇంట్లో నోరు నాది, పని వదినది, హోదా అన్నయ్యది. ఈ మాట నేనే పదిమందితో నవ్వుతూ అనేదాన్ని. ఆ ఏడాది బడులు తెరిచే సీజను గడిచాక మళ్ళీ అనలేదు.

వదినా నేనూ ఇంటి ముందు గదిలో కుట్టు దుకాణం నడుపుతాం. రెండు మిషన్లు, ఒక కత్తిరింపు బల్ల, గోడ పొడుగునా వేలాడే చొక్కాలు. ఏడాదిలో పది నెలలు చిల్లర పని, రెండు నెలలు బడి యూనిఫారాలు. మిషను మీద కూర్చునేది నేను. కత్తిరింపు, కాలరు, చేతి కాజాలు వదినవి. గుండీ దూరే ఆ చిన్న చీలిక చుట్టూ వదిన దారం వేసిందంటే చొక్కా చిరగాలే కానీ కాజా చిరగదు. నోట్లో నాలుక లేని మనిషి. కట్టుకున్నవాణ్ణి కాదని నేను పుట్టింటికి వచ్చిన రోజున అన్నయ్య గుమ్మంలో నిలబడి నసుగుతుంటే, నా పెట్టె అందుకుని లోపల పెట్టింది వదినే. అప్పటినుంచి పదేళ్ళలో నాతో ఒక్క గొడవ లేదు. నాతో గొడవ పడకుండా పదేళ్ళు నెట్టుకురావడమంటే మాటలు కాదు, నన్నెరిగినవాళ్ళు ఒప్పుకుంటారు.

సీజను మొదట్లోనే వదిన చేతిలోంచి కత్తెర జారిపడింది. మొదటిసారి నవ్వుకున్నాం. రెండోసారి కాలి మీద పడింది. కుడిచేతి బొటనవేలు, చూపుడువేలు, నడిమివేలు మొద్దుబారుతున్నాయని అప్పుడు చెప్పింది. ఎన్నాళ్ళనుంచి అంటే, "చలికాలం నుంచి" అంది.

"చలికాలం నుంచా! నాకు చెప్పాలని తోచలేదా?"

"నీకు చెబితే వీధంతా తెలుస్తుందిగా" అంది, నా తల మీద ఒక్కటి మొట్టి.

పెద్దాసుపత్రికి నేనే లాక్కెళ్ళాను. సర్జను వదిన చెయ్యి తిప్పి చూశాడు. బొటనవేలి కింద ఉండే మెత్తటి కండను తన వేలితో నొక్కి, ఎడమచేతి కండతో పోల్చి చూపించాడు. కుడివైపుది అణిగిపోయి ఉంది. మణికట్టు దగ్గర నరం నలిగిపోతోందనీ, చిన్న కోత పెట్టి దానికి చోటు చేయాలనీ, మూడు వారాలు చేతికి పని చెప్పకూడదనీ అన్నాడు.

"సీజను అయ్యాక చేయించుకుంటే?" అంది వదిన.

"మొద్దుబారడం అప్పుడైనా తగ్గొచ్చమ్మా. ఈ కండ మాత్రం ఎండిపోయిందంటే తిరిగి రాదు. నేనైతే ఈ నెలలోనే చేయించుకోమంటాను. మీరు చేసే పనేంటి?"

వదిన నా వైపు చూసింది. నేను చెప్పాను. ఆయన చీటీ రాసిచ్చాడు.

ఇక్కడ మా అన్నయ్య క్లబ్బు గురించి చెప్పాలి. అన్నయ్య బళ్ళో గుమాస్తా. అక్కడ ఆయన్ని పేరుపెట్టి పిలిచేవాడు కూడా ఉండడు, గంట కొట్టేవాడి తర్వాత లెక్క. క్లబ్బులో మాత్రం సెక్రటరీగారు. రంగుల దుకాణం మేడమీద హాల్లో నెలకో ఆదివారం మీటింగు. ప్రెసిడెంటు ఆ దుకాణం యజమానే. రక్తదానాలు, కళ్ళజోళ్ళ పంపిణీ, మొక్కలు నాటడం లాంటి మంచి పనులే చేస్తారు, కాదనను. కానీ వాళ్ళకో వింత ఆనవాయితీ ఉంది. మీటింగు కాగానే ప్రతి సభ్యుడూ ఆ మీటింగు నివేదిక చిన్న పుస్తకంగా పట్టుకుని ఇంటికెళ్ళాలి. ప్రెస్సేమో ఆదివారం సెలవు. అందుకని ఆదివారం జరగబోయేదంతా అన్నయ్య శుక్రవారమే రాసేస్తాడు, శనివారం అచ్చవుతుంది. ఒకసారి జోరువానలో ఆరుగురు వస్తే, పుస్తకంలో సభ్యులు కిక్కిరిసి హాజరయ్యారు. ఇంకోసారి మొక్కల బండి దారిలో చెడిపోయి ఒక్క మొక్కా రాలేదు, పుస్తకంలో మాత్రం రెండు వందలు నాటేశారు. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం! నేను పడీపడీ నవ్వితే అన్నయ్య మూడు రోజులు ముఖం మాడ్చుకున్నాడు.

ఆ నెల మీటింగుకు చైనా వైద్యం మీద ప్రసంగం పెట్టారు. వచ్చేది చైనాలో నాలుగేళ్ళు చదివొచ్చిన పెద్దమనిషి. సర్జను చీటీ చూసిన రోజే అన్నయ్య మొహం వెలిగిపోయింది.

"కొయ్యడాలూ కుట్టడాలూ ఎందుకే? ఆ డాక్టరు సూదులతోనే నయం చేస్తాడట. మీ వదిననే వేదిక మీద కూర్చోబెడదాం. సభలో చూపించినట్టూ ఉంటుంది, చెయ్యి బాగైనట్టూ ఉంటుంది."

"మా వదినేమన్నా ఎగ్జిబిషన్ బొమ్మా?" అన్నాను.

"పోనీలే, చూద్దాం" అంది వదిన. నొప్పి అంతగా ఉందని నాకప్పుడు అర్థమైంది.

ఆదివారం హాలు నిజంగానే నిండింది. సూదుల డాక్టరు సన్నగా, పొట్టిగా, అరవై దాటిన మనిషి. నేను ఆయన్ని మోసగాడనుకునే వెళ్ళాను, నా నోటికి పని దొరికిందనుకున్నాను. కానీ ఆయన చక్కగా మాట్లాడాడు. గోడకు మనిషి బొమ్మ వేలాడదీసి, ప్రాణశక్తి నడిచే దారులని చైనావాళ్ళు చెప్పుకునే గీతలు చూపించాడు. మణికట్టు మీద మూడు వేళ్ళు ఆనించి నాడి ఎలా చూస్తారో, నాలుక చూసి ఏం అడుగుతారో చెప్పాడు. వీపుకు పెట్టే గాజు కప్పులు వరసలో తిప్పాడు. ముందు వరసలో ప్రెసిడెంటుగారు ఒక కప్పు తన బుగ్గకు ఆనించుకుని చూసుకున్నాడు. "మా వైద్యంతో కొన్ని తగ్గుతాయి, కొన్ని తగ్గవు. ఏవి తగ్గవో తెలిసినవాడే వైద్యుడు" అన్నాడు ఆ పెద్దాయన. ఆ మాటకు ఎవరూ చప్పట్లు కొట్టలేదు.

తర్వాత వదినను వేదిక ఎక్కించారు. స్పిరిటూ దూదీ ఉన్న పళ్ళెం పట్టుకుని పక్కన నిలబడ్డాను. మైకు అన్నయ్య చేతిలో ఉంది. డాక్టరు మూడు వేళ్ళతో నాడి చూశాడు, నాలుక చూశాడు. తర్వాత బొటనవేలి కింద కండ నొక్కి, బొటనవేలితో చిటికెనవేలిని తాకమన్నాడు. వదిన వేలు సగం దూరం వెళ్ళి ఆగింది. ఆయన మొహం మారింది. తల వంచి, గొంతు తగ్గించి చెప్పాడు.

"అమ్మా, ఇది నా సూదికి లొంగేది కాదు. నొప్పి కాస్త తగ్గించగలను, నలిగిన నరాన్ని విప్పలేను. ఆలస్యం చేయకుండా ఆపరేషను చేయించుకోండి."

వదిన తలూపింది. డాక్టరు తలెత్తి అన్నయ్య వైపు చూసి, "మీరు విన్నారుగా?" అన్నాడు. అన్నయ్య కూడా తలూపాడు. మైకు మాత్రం తన ఛాతీకి ఆనించుకుని పట్టుకున్నాడు.

సూదులు పెట్టారు. పావుగంట అయ్యాక తీశారు. ప్రెసిడెంటుగారు మైకు లాక్కుని అడిగాడు: "ఏమ్మా, నొప్పి తగ్గిందా?"

"తగ్గింది" అంది వదిన. అబద్ధం కాదు. నొప్పి నిజంగానే తగ్గింది. వేళ్ళు తెలుస్తున్నాయా అని ఎవరూ అడగలేదు.

హాలంతా చప్పట్లు. డాక్టరు చెయ్యెత్తి ఏదో చెప్పబోయాడు, ఆయన బస్సుకు టైమైందంటూ ఇద్దరు ఆయన్ని మెట్లు దింపారు. వెంటనే పుస్తకాలు పంచారు. నిన్న అచ్చయినవి. మూడో పేజీలో ఉంది: 'సెక్రటరీగారి సతీమణికి అక్కడికక్కడే పూర్తి స్వస్థత చేకూరింది. శస్త్రచికిత్స అవసరం తప్పింది.'

నేను పళ్ళెం పట్టుకుని అలాగే నిలబడ్డాను. కూరగాయలవాడు తూకంలో గోరంత తేడా చేస్తే వీధి అదరగొట్టే దాన్ని, ఆ రోజు నోరు పెగల్లేదు. అన్నయ్య పరువు అనుకున్నాను. ఇంకో సంగతీ ఉంది, సిగ్గు విడిచి చెబుతాను. బల్ల మీద యూనిఫారం గుడ్డ గుట్టలుగా ఉంది, వదిన మూడు వారాలు కూర్చుంటే నా గతేంటని కూడా అనుకున్నాను.

ఇంటికొచ్చాక పేలాను. ఆలస్యంగా పేలడం నాకు అదే మొదలు.

"ఆ డాక్టరు నీ మొహం మీద చెప్పాడుగా అన్నయ్యా! చెవులు అద్దెకిచ్చావా?"

"మెల్లగా మాట్లాడవే. అచ్చులో పడిపోయింది కదా."

"అచ్చుకు బుద్ధి లేదు సరే, నీకూ లేదా?"

అన్నయ్య కుర్చీలో కూలబడ్డాడు. ఆ పుస్తకం ఇలాంటి క్లబ్బులన్నిటి మీదా ఉండే పై సంఘానికి వెళ్ళిపోతుందట. సీజను చివర్లో అక్కడినుంచి పెద్దాయన ఒకరు వస్తాడట. ఈ ఏడాది ఉత్తమ సేవ కింద కప్పు మన క్లబ్బుకే అంటున్నారట. వచ్చే ఏడాది ప్రెసిడెంటుగా అన్నయ్య పేరే అనుకుంటున్నారట. ఈలోగా వదిన ఆసుపత్రిలో చేరితే ఊరంతా నవ్వుతుంది.

"ఆరు వారాలు" అన్నాడు వదినతో. "ఆరంటే ఆరే వారాలు. ఆ తర్వాత నేనే దగ్గరుండి చేయిస్తాను. నా మాట నిలబెట్టు."

అన్నయ్య చెడ్డవాడు కాదు. చెడ్డవాడైతే నేను ఈ కథ ఇంత బాధపడుతూ చెప్పక్కర్లేదు. జీవితంలో ఒక్కసారి నలుగురూ లేచి నిలబడి తనకు చప్పట్లు కొడతారని ఆశపడ్డాడు. వదిన ఆయన మొహం చూసి, "సరే లెండి" అంది. నేను తలుపు ధడాల్మని వేశాను. తలుపు వేయడం వల్ల ఏ నరమూ బాగుపడదని ఇప్పుడు తెలుసు.

ఆ ఆరు వారాలూ మిషన్లు ఆగలేదు. వదిన కత్తిరింపు నాకు నేర్పించి, కాజాలు మాత్రం తన దగ్గరే పెట్టుకుంది. నాలుగో వారానికి కాజాలు వంకర పోవడం మొదలైంది. దారం ఒకచోట గుట్టలా పడేది, ఒకచోట అందేది కాదు. వదిన వంటింట్లోకి వెళ్ళినప్పుడల్లా నేను వాటిని విప్పి మళ్ళీ కుట్టేదాన్ని. మేలు చేస్తున్నాననే అనుకున్నాను.

ఆరో వారంలో ఒక మధ్యాహ్నం వదిన తిరిగొచ్చి నా వెనకే నిలబడింది. నేను చూసుకోలేదు.

"ఎన్ని విప్పావు?"

"ఏంటి వదినా?"

"నా కాజాలు ఎన్ని విప్పావని అడుగుతున్నా."

"పద్నాలుగు."

నా చేతిలోంచి చొక్కా తీసుకుని వెలుతురులో పెట్టి చూసింది. నా కాజా బాగానే ఉంది. అదే వదినను ఎక్కువ బాధపెట్టిందని నాకు తెలిసిపోయింది. కూర్చుని ఇంకో చొక్కా అందుకుంది. కాసేపయ్యాక తెల్ల కాలరు మీద ఎర్రటి చుక్క కనిపించింది నాకు. ఇంకోటి. ఇంకోటి.

"వదినా! రక్తం!"

సూది చూపుడువేలి చివర దిగి ఉంది. వదిన దాన్ని చూసింది, వేరెవరి వేలో చూస్తున్నట్టు. "ఎప్పుడు గుచ్చుకుందే?" అని నన్నడిగింది.

ఏడుపొచ్చింది నాకు. వదిన ఏడవలేదు. సూది లాగేసి, గుడ్డ చుట్టుకుని, చెప్పులేసుకుని బయటికెళ్ళింది. గంటకు తిరిగొచ్చింది.

"మంగళవారం ఆపరేషను రాయించుకొచ్చాను" అంది.

"ఆదివారమేగా ఆ పెద్దాయన మీటింగు?"

"అవును, అందుకే ఆ తర్వాత."

"అన్నయ్యతో చెప్పావా?"

"చెప్తాను. అందరితో ఒకేసారి చెప్తాను. నువ్వు మాత్రం నోరు మూసుకో."

మూసుకున్నాను. మూడు రోజులు! నా చరిత్రలో అంతకుముందు లేదు, ఆ తర్వాతా లేదు.

ఆదివారం వేదిక మీద వెండి రంగు కప్పు బల్ల నడిమధ్య పెట్టారు. పై సంఘం పెద్దాయన తెల్లజుట్టు మనిషి, మర్యాదగా అందరికీ నమస్కారం పెట్టాడు. ప్రెసిడెంటుగారు అరగంట మాట్లాడాడు. అన్నయ్య ఇస్త్రీ చొక్కాలో, జేబుకు క్లబ్బు బిళ్ళ పెట్టుకుని, మూడో పేజీ చదివి వినిపించాడు. చదివేటప్పుడు వదిన కూర్చున్న వైపు చూడలేదు. తర్వాత వదినను రెండు ముక్కలు మాట్లాడమన్నారు.

వదిన సంచీ పట్టుకుని వేదిక ఎక్కింది. అన్నయ్య మైకు కిందికి వంచి ఆమె ఎత్తుకు సరిచేశాడు.

"నాకు మాట్లాడటం రాదండీ" అంది వదిన. "నాకు వచ్చింది కుట్టడం. అది చూపిస్తాను."

సభలో మెచ్చుకోలుగా నవ్వులు. వదిన సంచీలోంచి ఒక బడి చొక్కా, దారపు ఉండ, సూది తీసింది. పెద్దాయన ముచ్చటగా ముందుకు వంగాడు. వదిన దారం కొస నోట్లో తడిపి సూదిలోకి ఎక్కించబోయింది. దారం పక్కకు పోయింది. మళ్ళీ తడిపింది. మళ్ళీ పోయింది. పదిహేనేళ్ళుగా ఆ చేతుల్లోంచి ఒక్క చెడు కుట్టు బయటి మనిషి కంట పడలేదు. పడనిచ్చే మనిషి కాదు. ఇప్పుడు నూరుమంది చూస్తుండగా మూడోసారి, నాలుగోసారి, తొందరపడకుండా ప్రయత్నిస్తోంది. నవ్వులు ఆగిపోయాయి. అయిదోసారి సూది జారి కిందపడింది. వదిన ఇంకా రెండు వేళ్ళూ బిగించే పట్టుకుని ఉంది, అది పడిపోయిన సంగతి తెలియక.

ముందు వరసలో ఎవరో, "అమ్మా, సూది పడిపోయింది" అన్నారు.

వదిన తన వేళ్ళ వైపు చూసుకుంది.

"చూశారుగా. ఇప్పుడు నా వేళ్ళ మధ్య సూది ఉందో లేదో కళ్ళతో చూసుకుంటే తప్ప నాకు తెలీదు. మీరు ఆ రోజు నొప్పి తగ్గిందా అని అడిగారు. తగ్గింది. ఆ డాక్టరుగారు మంచాయన, ఆయన్ని ఏమీ అనకండి. ఇది తన చేతిలో లేదు, ఆపరేషను చేయించుకోమని ఆయన ఆ రోజే ఇక్కడే చెప్పారు. మీకు మైకులో వినపడలేదు. నాకు వినపడింది. మావారికీ వినపడింది. ఎల్లుండి నేను ఆపరేషను చేయించుకుంటున్నాను."

ప్రెసిడెంటుగారు లేచాడు. "కంగారు పడకండి, ఆడవాళ్ళు కదా, వేదిక ఎక్కేసరికి కాస్త టెన్షను..."

"టెన్షను కాదండీ" అంది వదిన. "నరం."

నేను అప్పటికే లేచి నిలబడి ఉన్నాను. "నాకూ వినపడింది!" అన్నాను. మైకు అక్కర్లేదు నాకు, మెట్ల కింద రంగుల డబ్బాలకు కూడా వినపడి ఉంటుంది. "పక్కనే పళ్ళెం పట్టుకుని నిలబడ్డాను. విని కూడా నోరు మూసుకున్నాను. బుద్ధి తక్కువై మూసుకున్నాను!"

పెద్దాయన అన్నయ్య వైపు తిరిగాడు. "సెక్రటరీగారూ, నిజమేనా?"

అన్నయ్య చేతిలో ఆ రోజు పుస్తకాల కట్ట ఉంది, ఇంకా పంచనిది. అందులో వదిన కృతజ్ఞతలు తెలిపేసింది కూడా. అన్నయ్య దాన్ని బల్ల మీద పెట్టాడు. మైకు దగ్గరికి వచ్చి, "నిజమేనండీ. విన్నాను" అన్నాడు.

అంతే. ఎవరూ అరవలేదు. పెద్దాయన కప్పు గురించి మాట్లాడకుండా టీ తాగి వెళ్ళాడు. ప్రెసిడెంటుగారు ఆ తర్వాత వీధిలో నేనెదురైతే అవతలి పక్కకు దాటేవాడు. దాటనీ, రోడ్డేమన్నా అరిగిపోతుందా? సెక్రటరీ పదవికి రాజీనామా అన్నయ్య సోమవారం రాశాడు. మొదటిసారి ఒక సంగతి జరిగాక రాశాడు.

మంగళవారం ఆసుపత్రిలో కాగితాల మీద భర్త సంతకం కావాలన్నారు. "నా చెయ్యి, నా సంతకం చాలదా?" అంది వదిన. నర్సు లోపలికెళ్ళి కనుక్కొచ్చి, చాలునంది. వదిన ఆ కుడిచేత్తోనే, పెన్ను పిడికిలితో పట్టుకుని వంకరటింకరగా పెట్టింది. అన్నయ్య పక్కనే నిలబడి సంచీ పట్టుకున్నాడు. సీజనులో మిగిలిన చొక్కాలు నేనొక్కదాన్నే కుట్టాను. కొన్ని బడులకు ఆలస్యంగా అందాయి. తిట్టారు. తిరిగి తిట్టాను.

కుట్లు విప్పే రోజుకు బడులు తెరిచేశారు. ముగ్గురం వెళ్ళాం. సర్జను వదినను కళ్ళు మూసుకోమని, వేలి చివర దూదితో తాకాడు.

"తెలుస్తోందామ్మా?"

"కొంచెం... దూరంగా ఎక్కడో తాకినట్టు" అంది వదిన. కళ్ళు మూసుకునే నవ్వింది. ఆ నవ్వు చూసి నేను గోడ వైపు తిరిగిపోయాను.

"ఇది వస్తుంది. నెలలు పడుతుంది కానీ వస్తుంది. ఇప్పుడు బొటనవేలితో చిటికెనవేలు తాకండి."

వేలు కదిలింది. సగం దూరం వెళ్ళి ఆగింది. వదిన పళ్ళు బిగించింది. అది అంతకన్నా కదల్లేదు. సర్జను వదిన చేతిని మెల్లగా బల్ల మీద ఆనించాడు.

"ఇది ఎప్పటికి వస్తుంది డాక్టరుగారూ?" అని అన్నయ్య అడిగాడు.

"మీరు మొదట చూపించుకున్నప్పుడే చేయించి ఉంటే వచ్చేది" అన్నాడు సర్జను. ఆయనకు మా కథేమీ తెలియదు, మామూలుగానే అన్నాడు.

అన్నయ్య తల దించేసుకున్నాడు. గడ్డం ఛాతీకి ఆనేంతగా. నేను ఆయన భుజం మీద చెయ్యి వేయబోయాను.

"వద్దు" అంది వదిన నాతో. తర్వాత ఆయన వైపు తిరిగింది. ఆమె గొంతు పెంచగా నేను అప్పటిదాకా వినలేదు, అప్పుడూ పెంచలేదు.

"తల దించకండి. ఇటు చూడండి."

అణిగిపోయిన ఆ చేతిని బల్ల మీంచి ఎత్తి, అన్నయ్య మొహానికి ఎదురుగా పట్టుకుంది. అన్నయ్య తలెత్తి చూశాడు. చూసి కళ్ళు తిప్పుకోబోయాడు. వదిన చెయ్యి దించలేదు. ఆయన మళ్ళీ చూశాడు. నేనూ చూశాను.